ఏటి ఒడ్డు ముక్క

ప్రాజెక్టు బస, మేడమీది గది
సోమవారం

దొరసానికి,

వదిన రాస్తున్నాను. మీ అన్నయ్య పెట్టిన పేరుతోనే పిలుస్తున్నాను, ఏమీ అనుకోకు. ఇంకో పేరు కలానికి రావడం లేదు.

నువ్వు ఫోను చేస్తే ఎత్తలేదని కోపం వచ్చి ఉంటుంది. ఎత్తితే ఏం మాట్లాడుకుంటాం? "తిన్నావా" అంటావు. "తిన్నాను, నువ్వు తిన్నావా" అంటాను. ఆ తర్వాత ఇద్దరం ఫోను చెవికి ఆనించుకుని ఊరుకుంటాం. కాగితం మీదైతే ఆ ఊరుకోవడం కనపడదు కదా, అందుకని రాస్తున్నాను.

నేను బాగానే ఉన్నాను. గది చిన్నదే. మంచం, బల్ల, బట్టలు తగిలించుకోవడానికి గోడకి మేకులు. కిటికీలోంచి చూస్తే జీపు నిలిపే షెడ్డు కనిపిస్తుంది. పొద్దున్నే ఆ జీపెక్కి ఏటి గట్టుకు పోతాను. ఒక్కో ముక్క చుట్టూ నడుస్తాను. ఇనుప కడ్డీ దింపి ఇసుక ఎంత లోతుందో చూస్తాను. ఒడ్డు ఎంత ఏటవాలుగా ఉంది, చెట్ల నీడ పడుతుందా, కుక్కలు తిరుగుతాయా, ఇళ్ళ దీపాలు అక్కడిదాకా కనిపిస్తాయా, ఇవన్నీ రాసుకుంటాను. తాబేలు ఏట్లోంచి పైకి వచ్చి గుడ్లు పెట్టాలంటే దానికి మెత్తటి ఇసుక కావాలి, చీకటి కావాలి, చప్పుడు ఉండకూడదు. ఆ మూడూ ఉన్న భూమి రక్షణ గీతకు లోపల. లేనిది బయట. ఆఫీసు గోడ మీద పెద్ద పటం వేలాడదీశారు. లోపలి ముక్కలకి ఆకుపచ్చ వేస్తాం, బయటివాటిని తెల్లగా వదిలేస్తాం.

ఈ పని నాకు సుఖంగానే ఉంది. భూమి నన్ను ఏమీ అడగదు.

అసలు సంగతికి వస్తాను. గీత మీ ఒడ్డు దాకా వచ్చింది. నీటిని ఆనుకుని ఉన్న కింది ముక్క నీది. దాని వెనక ఉన్న పైముక్క మీ అన్నయ్యది, ఇప్పుడు కాగితాల్లో నాది. అయినవాళ్ళ భూమి మదింపు నేను చెయ్యకూడదు. మా పెద్దాఫీసరు మేడంతో ఆ మాట అప్పుడే చెప్పేశాను. నా బదులు ఇంకొకాయన వస్తాడు. తాబేళ్ళ డాక్టరంటాం మేమంతా. మందులిచ్చే డాక్టరు కాదు, తాబేళ్ళ మీద పెద్ద చదువు చదివాడు. ఎండ ఉన్నా లేకపోయినా చేతిలో గొడుగు ఉంటుంది. చూసి నవ్వకు. మంచివాడు.

ఆయన అడిగినవి చెప్పు. నీకు ఇష్టమో కాదో అది కూడా చెప్పు. రాసుకుంటాడు.

మీ ఆయన లారీ మీద నుంచి వచ్చాడా? అడిగానని చెప్పు.

వదిన


ఏటి ఒడ్డు ఇల్లు
గురువారం

వదినా,

నీ ఉత్తరం చూసి పోస్టుమాన్ కూడా ఆశ్చర్యపోయాడు. "ఈ రోజుల్లో ఉత్తరాలేంటమ్మా, కోర్టు నోటీసనుకున్నాను" అన్నాడు. కోర్టు నోటీసుకీ దీనికీ పెద్ద తేడా లేదులే అన్నాను.

మా ఆయన నిన్ననే వచ్చి, రెండు పూటలు నిద్రపోయి, మళ్ళీ లోడుకి వెళ్ళిపోయాడు. నువ్వు అడిగావంటే "మా చెల్లెమ్మ ఎలా ఉందో కనుక్కో" అన్నాడు. కనుక్కుంటున్నాను. ఎలా ఉన్నావు? "బాగానే ఉన్నాను" అని రాశావు. ఆ మాట మీద నాకు నమ్మకం లేదు.

మీ ఇంటికి వెళ్ళి కిటికీలు తెరిచి వచ్చాను. మూసి మూసి గదులన్నీ ముక్కిపోయిన వాసన వస్తున్నాయి. కొట్లో బాగుచెయ్యడానికి అన్నయ్య విప్పిపెట్టిన ఫ్యాన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ టేబుల్ ఫ్యానావిడ మళ్ళీ వచ్చింది. "పోయినాయన పోయాడు, నా ఫ్యాను సంగతేంటి" అనలేక, గుమ్మంలో నిలబడి నీళ్ళు నమిలింది. నేనే వెతికి, రెక్కలూ మోటారూ గోనెసంచిలో వేసి ఇచ్చాను. పాపం, ఆ సంచి పట్టుకుని ఏం చేసుకుంటుందో.

ఇక తాబేళ్ళ సంగతి. ఇక్కడ తాబేళ్ళు లేవు. ఎప్పుడూ లేవు. ఉన్నా ఎప్పుడో కుక్కలు తినేసి ఉంటాయి. కింది ముక్కంతా పుచ్చ గుంటలు తవ్వాను, విత్తనం పెట్టాను, కొన్ని మొలకలు కూడా వచ్చాయి. ఇప్పుడు ఎవరో వచ్చి గీత గీసి, "తవ్వకూడదు, నీళ్ళు పెట్టకూడదు, దీపం పెట్టకూడదు" అంటే నా గతేంటి? పరిహారం ఇస్తారు కదా అంటావేమో. అది వేరే సంగతి. పంట పంటే.

మీ గొడుగు డాక్టరుని పంపు. మంచినీళ్ళిస్తాను. అంతకంటే ఏమీ దొరకదు ఆయనకి ఇక్కడ.

నువ్వు ఎప్పుడొస్తావు? పైముక్కలో పిచ్చిమొక్కలు నడుం ఎత్తు పెరిగాయి.

మరదలు


ప్రాజెక్టు బస, మేడమీది గది
బుధవారం

దొరసానికి,

డాక్టరు మీ ఒడ్డుకి వచ్చి వెళ్ళాడు. నువ్వు మంచినీళ్ళు ఇచ్చావట, కూర్చోమని పీట కూడా వేశావట. సంతోషం.

నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన నా ఎదురుగా కూర్చున్నాడు. మీ భూమి గురించి నేను అడగకూడదు, ఆయన చెప్పకూడదు. కానీ ఆయనకి నోరు ఊరుకోదు.

"మీ మరదలు చాలా శుభ్రమైన మనిషండి" అన్నాడు.

"ఎందుకలా అన్నారు?"

"ఏటి ఒడ్డున అంత శుభ్రమైన ఇసుక నేనెక్కడా చూడలేదు. పొద్దున్నే వెళ్ళానా, ఇసుక మీద కాకి అడుగు కూడా లేదు."

అని తినడంలో పడ్డాడు. నేను కంచం వైపు చూస్తూ కూర్చున్నాను. తాబేలు రాని ఒడ్డు ఉంటుంది. కాకి వాలని ఒడ్డు ఉండదు. ఆ సంగతి నాకు తెలిసినట్టే ఆయనకీ తెలుసు. తెలిసి, జాడలు లేవు కనక "బయట" అని రాసి పెట్టాడు. నా మొహం చూసి అలా రాశాడేమో. నేను అడగలేదు.

మీ అన్నయ్య నాకు ఒకసారి చెప్పాడు. మీ చిన్నప్పుడు తెల్లారకముందే మిమ్మల్నిద్దరినీ మీ నాన్న ఆ ఒడ్డుకి తీసుకువెళ్ళేవాడట. నువ్వు మీ అన్నయ్య భుజాలమీద కూర్చుని, తాబేలు గుడ్లు పూడ్చి వెనక్కి నీళ్ళలోకి పోతుంటే "పాపం, పిల్లల్ని వదిలేసి పోతోంది" అని ఏడుపు లంకించుకున్నావట. నీ ఏడుపుకి అది బెదిరిపోతుందని ఆయన నీ నోరు మూశాడట, నువ్వు వేలు కొరికావట. ఆ మచ్చ చూపించాడు.

అందుకని అడుగుతున్నాను. ఇసుక ఎవరు ఊడుస్తున్నారు?

పటం మీద మీ ఒడ్డు ఇంకా ఖాయం కాలేదు.

వదిన


ఏటి ఒడ్డు ఇల్లు
శనివారం

వదినగారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది.

ఊడుస్తున్నది నేనే. తెల్లారగానే ముళ్ళకంప ఒకటి తాడుకి కట్టి, నీటి అంచు నుంచి మోటారు పాక దాకా లాగుతున్నాను. తాబేళ్ళు వస్తున్నాయి. గుడ్లు ముట్టుకోలేదు, వాటి జోలికి పోలేదు. జాడలు మాత్రం చెరిపాను. మీ ఆఫీసులో చెప్పుకోండి. ఆకుపచ్చ పూసుకోండి.

మీరు ఈ ఏటి గట్టు ఆ చివర నుంచి ఈ చివర దాకా కొలిచారు. ఇసుక లోతు కొలిచారు, నీడ కొలిచారు. మా అన్నయ్య ఎక్కడ పడిపోయాడో ఒక్కసారైనా అడిగారా? ఊళ్ళో అందరూ అడిగారు. టేబుల్ ఫ్యానావిడ కూడా అడిగింది. మీరు అడగలేదు. వచ్చారు. చెయ్యాల్సినవన్నీ చేశారు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేయించారు, అద్దెకి తెచ్చిన కుర్చీలు ఒకటి విరిగితే ఎవరు విరగ్గొట్టారని కూడా అడిగారు. అది అడిగారు. ఇది అడగలేదు. వారం తిరక్కుండా జీపెక్కి వెళ్ళిపోయారు. మీ కంట్లో తడి చూసినవాళ్ళు లేరు.

అక్కడే పడిపోయాడు. మోటారు పాకకీ నీళ్ళకీ మధ్య. నేను కంప లాగుతున్నది ఆ జాగాలోనే. ఎవరో పరాయి మనిషి వచ్చి అక్కడ టేపు పరిచి, కడ్డీ దింపి, పనికొస్తుంది, పనికిరాదు అని రాసుకుంటుంటే నేను చూస్తూ నిలబడలేను. పుచ్చతోట సంగతి రాశానే, అది కూడా నిజమే. కానీ ముందు ఇది.

ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

మరదలు


ప్రాజెక్టు బస, మేడమీది గది
మంగళవారం

దొరసానికి,

"మీరు" అన్నావు. మొదటిసారి చదివినప్పుడు ఇంకెవరికో రాసిన ఉత్తరం నాకు వచ్చిందనుకున్నాను.

నువ్వు రాసినవన్నీ నిజమే. కుర్చీ సంగతి కూడా. ఆ కుర్చీ ఎవరు విరగ్గొట్టారో ఆ రోజు నాకు నిజంగా తెలుసుకోవాలనిపించింది. అంతకంటే తెలుసుకోవలసినది లోకంలో ఇంకేమీ లేనట్టు అనిపించింది. ఎందుకో అడక్కు, చెప్పలేను.

ఏడుపు దాచుకున్నానని నువ్వనుకుంటున్నావేమో. దాచుకోలేదు. రాలేదు. ఇప్పటికీ రాదు. ఒంటికి ఏదో అయింది. ఆ మధ్య ఒకరోజు ముక్కలన్నీ తిరిగి సాయంత్రం గదికి వచ్చి బూటు విప్పాను. మేజోడంతా రక్తం. ముల్లు ఒకటి బూటు అడుగు చీల్చుకుని అరికాల్లో దిగి, ఎప్పటి నుంచో అలాగే ఉంది. పొద్దున్నుంచీ దానిమీదే నడిచాను. తెలియలేదు. స్నానానికి నీళ్ళు తోడుకుంటే కాగిపోతున్నాయో చల్లారిపోయాయో చెయ్యి పెట్టి చూసినా అర్థం కాదు. భోజనం బాగుందా అని వంటాయన అడిగితే, పక్కవాళ్ళు ఏమంటారో విని అదే అంటాను.

ఈ గదిలో పైన ఫ్యాను ఉంది. తిరగదు. నేను వచ్చిన కొత్తలో వాచ్‌మన్ "ఫ్యాన్లు బాగుచేసేవాణ్ణి పిలవనా మేడం" అన్నాడు. వద్దన్నాను. ఇప్పుడు ఎండలు ముదురుతున్నాయి, మళ్ళీ అడిగాడు. మళ్ళీ వద్దన్నాను. పిసినారిని అనుకుంటున్నాడో, పిచ్చిదాన్ని అనుకుంటున్నాడో.

నిన్ను ఎందుకు అడగలేదంటే, అడిగితే నువ్వు చెబుతావు. నువ్వు చెబితే అది జరిగినట్టే. నువ్వు చెప్పనంతసేపూ నేను క్యాంపులో ఉన్నాను, ఆయన కొట్లో ఉన్నాడు. ఎప్పుడూ అలాగే కదా ఉండేవాళ్ళం. నెలలో సగం రోజులు నేను ఇంట్లో లేని మనిషినే. ఇంకా ఆ సగంలోనే ఉన్నానని అనుకోవడం పెద్ద కష్టం కాదు. ముక్క తర్వాత ముక్క చూసుకుంటూ పోతే, రోజు గడిచిపోతుంది.

నువ్వు తెల్లారగట్ల లేచి కంప లాగుతున్నావు. నేను జీపెక్కుతున్నాను. ఇద్దరం ఒకటే పని చేస్తున్నామేమో.

ఇప్పుడు అడుగుతున్నాను. ఏం జరిగింది? ఆయన ఏమన్నాడు? నా కోసం తగ్గించి రాయకు. నా కోసం కలిపి కూడా రాయకు.

వదిన


ఏటి ఒడ్డు ఇల్లు
ఆదివారం

వదినా,

రాస్తాను. అడిగావు కనక రాస్తాను. రెండు కాగితాలు చించేశాను, ఇది మూడోది.

అంతకుముందు రెండు మూడు రోజులుగా మోటారు నీళ్ళు ఎత్తడం లేదు. మా ఆయన లారీ మీద ఉన్నాడు. అన్నయ్యకి ఫోను చేసి "నీ చెల్లెలి తోట ఎండిపోతోంది, పట్నం దొరగారికి తీరిక ఉంటే రమ్మను" అన్నాను. పొద్దున బస్సుకి వచ్చాడు. కాఫీ కూడా తాగకుండా పాకలోకి వెళ్ళి, గంప బోర్లించి దానిమీద కూర్చుని మోటారు విప్పాడు. "దీన్ని చూసుకోవే తల్లీ అంటే వినవు కదా, ఇంత ఇసుక లోపల పెట్టుకుని ఏ మోటారు తిరుగుతుందే, నువ్వు తిరుగుతావా" అని తిట్టుకుంటూ చేశాడు. బాగా నవ్వాం. ఒంట్లో బాగాలేదని నాకు చెప్పలేదు. చెమట పడుతోందంటే ఎండ అన్నాడు.

మోటారు పలికింది. నీళ్ళు దూకాయి. నేను పైన కాలవ తెరవడానికి వెళ్ళాను. అన్నయ్య గొట్టం వెంబడి నీళ్ళ వైపు దిగాడు. వెనక్కి తిరిగి చూస్తే ఇసుకలో కూర్చుని ఉన్నాడు. అలిసిపోయి కూర్చున్నాడనుకున్నాను. కాసేపటికి మళ్ళీ చూశాను. అలాగే ఉన్నాడు, ఒక చెయ్యి ఇసుకలో ఆనించి. అప్పుడు ఏదో అనిపించి దగ్గరికి వెళ్ళాను. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. "ఏంట్రా అన్నయ్యా" అన్నాను.

"మోటారు కట్టెయ్యవే. నీళ్ళు పక్క కాలవలో పోతున్నాయి" అన్నాడు.

నేను మోటారు కట్టడానికి పరిగెత్తాను, వదినా. అన్నయ్య చెప్పాడు కదా, కట్టాలి కదా. కట్టి వచ్చేసరికి పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. పిలిచాను. తల ఒళ్ళో పెట్టుకున్నాను. ఎదుటి ఒడ్డున పడవవాళ్ళు నా కేకలు విని వచ్చారు. వాళ్ళు వచ్చేసరికే ఏమీ లేదు.

నిన్ను తలచుకున్నాడని చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. నువ్వు అడిగి ఉంటే అప్పుడే చెప్పేసేదాన్నేమో. అడగకపోవడమే మంచిదయింది. నిన్ను తలచుకోలేదు. నన్నూ తలచుకోలేదు. నీళ్ళ మాటే అన్నాడు. అంతే.

మోటారు అలా వదిలేసి అక్కడే కూర్చుని ఉంటే ఇంకో మాట ఏదైనా అనేవాడా? ఆ నీళ్ళు పోతే పోయేవి కదా. ఇది మా ఆయనకి కూడా చెప్పలేదు.

నీ అరికాలు మానిందా?

మరదలు


ప్రాజెక్టు బస, మేడమీది గది
గురువారం

దొరసానికి,

ఉత్తరం చదివాను. జేబులో పెట్టుకుని పనిలోకి వెళ్ళాను. తుంగ పెరిగిన ఒక ముక్కలో నిలబడి మళ్ళీ చదివాను.

"నీళ్ళు పక్క కాలవలో పోతున్నాయి." ఇది ఆయనే. కాగితం మీద చదువుతుంటే ఆయన గొంతుతోనే వినిపించింది. నన్ను పిలిచాడని నువ్వు రాసి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. వంటింట్లో కుళాయి కారుతుంటే పెళ్ళిపీటల మీద నుంచైనా లేచి వెళ్ళే రకం ఆయన. నాకు ఈ మాట చాలు.

నువ్వు మోటారు కట్టడానికి వెళ్ళావు. నేనున్నా వెళ్ళేదాన్ని. చెప్పిన పని చెయ్యకుండా ఎదురుగా నిలబడితే కసురుకునేవాడు. ఆయన చెప్పాడు, నువ్వు చేశావు. ఆయన చూసిన చివరిది నువ్వు ఆయన మాట వినడం. ఎప్పుడూ వినని దానివి.

చదివాక ఏమైనా అవుతుందేమోనని ఎదురుచూశాను. ఏమీ కాలేదు. పని ముగించుకుని జీపెక్కాను. నీకు అబద్ధం చెప్పను.

ఇంకో సంగతి. ఇది నీకు నచ్చదు. మీ ఒడ్డు మళ్ళీ చూడమని డాక్టరుకి చెప్పబోతున్నాను. ముందు నీకు చెప్పి తర్వాత ఆయనకి చెప్పాలని ఆగాను. తెలిసి తెలిసి ఆ పటం మీద తెల్లగా వదిలెయ్యలేను. మీ ఒడ్డుకి అటూ ఇటూ ఉన్న ముక్కలు రెండూ లోపలికి వచ్చాయి. మధ్యలో నీది వదిలేస్తే, కుక్కలకీ గుడ్లు ఏరుకునేవాళ్ళకీ అదే దారి అవుతుంది. అటూ ఇటూ కాపలా కాసి లాభం ఉండదు. ఇది నా ఉద్యోగం కనక చెప్పడం లేదు. ఉద్యోగం ఒక్కటే అయితే నోరు మూసుకునేదాన్ని.

గీత పడితే నీ మొలకలు పోతాయి. పుచ్చ మొక్క పీకి నాటితే బతకదని నాకూ తెలుసు. పైముక్క నేల కొంచెం బంక. తాబేలు అంత దూరం రాదు, దాన్ని డాక్టరు ఎలా చూసినా బయటే ఉంచుతాడు. అది నువ్వు తీసుకో. దున్నించి మళ్ళీ విత్తనం పెట్టు. పంట కొంచెం వెనకబడుతుంది, అంతే. నాకు ఆ భూమితో చేసేది లేదు, నువ్వు చేస్తే నాకు ఊరట.

కోపం వస్తే తిట్టు. కానీ "మీరు" అనకు.

వదిన


ఏటి ఒడ్డు ఇల్లు
సోమవారం

వదినా,

తిట్టాను. పోస్టుమాన్ వెళ్ళాక గుమ్మంలో నిలబడి గట్టిగానే తిట్టాను. గేదె తలెత్తి చూసింది.

మూడు రోజులు కంప లాగలేదు. నాలుగో రోజు గొడుగు వచ్చింది, దానికింద డాక్టరు. నేను ముందు నడిచాను. నీటి అంచు నుంచి పైకి జాడలు ఉన్నాయి, రెండు వైపులా కాళ్ళు ఈడ్చిన గీతలు, మధ్యలో పొట్ట రాసుకున్న చార. ఆయన గొడుగు నా చేతికిచ్చి ఇసుకలో మోకాళ్ళమీద కూర్చున్నాడు. చెంప ఇసుకకి ఆనించి అలా చూస్తూనే ఉన్నాడు. చదువుకున్నవాడు, చిన్నపిల్లాడిలా మొహం వెలిగిపోయింది.

లేచాక అడిగాడు. "మొన్న వచ్చినప్పుడు ఇసుక ఎందుకు ఊడ్చేశారమ్మా?"

చెప్పాను. ఎక్కడో కూడా చూపించాను. ఆయన అటు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇలాంటప్పుడు ఏమనాలో నాకు రాదండి" అన్నాడు.

"ఏమీ అనక్కర్లేదులెండి. ఈ జాగా లోపలికి వస్తుందా?"

"వస్తుందమ్మా. తాళ్ళు కడతాం. గుడ్లు పగిలి పిల్లలు నీళ్ళలోకి పోయేదాకా లోపల ఎవరూ నడవకూడదు."

"నేను కూడానా?"

"మీరు కూడా. నేనైనా అవసరం ఉంటేనే."

ఇంతకాలం ఎవరో పరాయివాళ్ళు వచ్చి తొక్కుతారని కదా నా భయం. ఇప్పుడు ఎవరూ తొక్కరు. నేను సంతోషపడాలో ఏడవాలో తెలియక ఆయన గొడుగు పట్టుకునే నిలబడ్డాను. ఆయనే మెల్లిగా నా చేతిలోంచి తీసుకున్నాడు.

పైముక్క ఆయన చూసి, "ఇది బయటే" అన్నాడు. మా ఆయన వచ్చి పిచ్చిమొక్కలు కొట్టిస్తున్నాడు. ముళ్ళపొదలు కూడా లేచాయి, కొడుతుంటే తిట్లు ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి. నీ భూమి నేను ఊరికే తీసుకోను. సగం పంట నీకు. వద్దంటే మీ ఇంటి గుమ్మంలో పోసి వస్తాను, కుళ్ళిపోతే నీ పాపం.

తాళ్ళు వచ్చే వారం కడతారట. ఆ తర్వాత నువ్వొచ్చినా తాళ్ళకి ఇవతల నుంచి చూడాల్సిందే, దగ్గరికి పోలేవు. కట్టేలోగా ఒకసారి వస్తావా? అక్కడ ఏమీ లేదు. ఇసుక, అంతే. వచ్చి నిలబడి, ఏమీ అనిపించకపోతే వెళ్ళిపో. ఏడవలేదని ఎవరూ ఏమీ అనరు. అన్నవాళ్ళలో నేనే ముందున్నాను వదినా. ఇకమీదట అనను.

మరదలు


ప్రాజెక్టు బస, మేడమీది గది
గురువారం

దొరసానికి,

ఈ ఉత్తరం నాకంటే ముందు చేరుతుందో, వెనక చేరుతుందో తెలియదు. అయినా రాస్తున్నాను.

ఇవాళ మీ ఒడ్డు ఖాయమైంది. కింది ముక్క లోపల, పైముక్క బయట. రంగు డాక్టరే వేశాడు. నేను గదిలో ఉండకూడదు కనక వరండాలో నిలబడ్డాను. మధ్యలో పెన్సిలు చెక్కుకోవడానికి బయటికి వచ్చి, పొట్టు కుండీలో రాలుస్తూ, "అయిపోయినట్టేనండి" అన్నాడు. నేను తలూపాను.

తర్వాత మేడం పిలిచింది. ఎదుటి ఒడ్డు ముక్కలు సోమవారం మొదలుపెట్టాలి, జీపు, మనిషి సిద్ధం అంది. సరేనండి అనడానికే నోరు తెరిచాను. ఇన్నాళ్ళూ అదే అంటున్నాను కదా.

"నాకు సెలవు కావాలండి" అన్నాను.

ఆమె కాగితాల్లోంచి తల ఎత్తలేదు. "ఇప్పుడా? ఇంత పని మీదేసుకుని? ఎందుకమ్మా?"

"మా ఆయన చనిపోయాడండి."

కలం ఆగింది. ఆమె కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. మతి ఉండే మాట్లాడుతున్నానా అని చూసినట్టుంది. తర్వాత మెల్లిగా, "తెలుసమ్మా. మేమంతా వచ్చాం కదా. అప్పుడు సెలవు తీసుకోమని ఎంత చెప్పినా నువ్వే వద్దన్నావు" అంది.

"అవునండి. అప్పుడు అక్కర్లేకపోయింది. ఇప్పుడు కావాలి."

దొరసానీ, ఆ మాట నేను ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. నీతో కూడా అనలేదు, వెనక్కి వెళ్ళి నా ఉత్తరాలన్నీ చూసుకో. అందరూ నాతో అన్నారు. నేను వింటూ కూర్చున్నాను. ఇవాళ నా నోటితో అంటే, గది అవతల నుంచి ఎవరో అంటున్నట్టు వినపడింది. మేడం ఏదో అడుగుతోంది, ఎన్ని రోజులు అనో ఏమిటో. కుర్చీ లాక్కుని ఆమె చెప్పకుండానే కూర్చున్నాను.

మంచినీళ్ళు తెప్పించింది. రెండు చేతులతో గ్లాసు పట్టుకున్నాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. అంత చల్లగా ఉన్నాయని తాగకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాను.

శనివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. సంచి పెద్దదే తెస్తున్నాను. కొన్నాళ్ళు ఉంటాను.

వదిన